చేపలకు మేత వేస్తున్నానని పైకి చెప్పిన మనిషి

చిరంజీవులకు ఆశీస్సులు.

టీవీలో పిల్లల కార్యక్రమం నడపడమంటే బొమ్మలు ఆడించి నవ్వించడమేనా అని మీరు అడిగారు కనుక, ఆ పనికే జీవితమంతా వెచ్చించిన అమెరికా దేశస్థుడు ఫ్రెడ్ రోజర్స్ గురించి రాస్తున్నాను.

ఆయన 1928లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాట్రోబ్‌లో పుట్టి, సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. అప్పుడప్పుడే వచ్చిన టీవీలో నవ్వు పుట్టించడానికి మనుషులు ఒకరి ముఖాన ఒకరు తినుబండారాలు కొట్టుకోవడం చూసి, ఇంత మంచి సాధనాన్ని ఇలాగేనా వాడేదని రోసి, తానే ఆ రంగంలో దిగారు. న్యూయార్క్‌లో కొంతకాలం పనిచేసి, 1953లో పిట్స్‌బర్గ్‌లోని డబ్ల్యూక్యూఈడీ స్టేషన్‌లో చేరారు. అక్కడ మొదట ఆయన ముఖం ఎవరికీ కనిపించలేదు. తెర వెనుక చేతికి తొడిగే బొమ్మలను ఆడిస్తూ, వాటికి గొంతు ఇస్తూ, మధ్యలో ఆర్గాన్ వాయిద్యం దగ్గరికి పరుగెత్తేవారు. అడుగుల చప్పుడు వినబడకూడదని మెత్తని కాన్వాసు బూట్లు తొడుక్కోవడం అప్పుడే అలవాటైంది. 1968లో దేశమంతటా ప్రసారం మొదలైన ‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’లో, ఇంట్లోకి వస్తూనే కోటు విప్పి, వాళ్లమ్మ అల్లిన స్వెట్టర్ వేసుకుని, ఆ మెత్తని బూట్లే తొడుక్కునేవారు.

తీరికగా సాగే ఆ తతంగం చూసి విసుక్కున్న పెద్దలూ ఉన్నారు. నాకు మాత్రం అందులోనే ఆయన పనితనమంతా కనిపిస్తుంది. ఒకసారి చూపులేని ఒక పాప ఇంటినుంచి ఉత్తరం వచ్చింది: కార్యక్రమంలో కనిపించే తొట్టిలోని చేపలకు ఆయన మేత వేశారో లేదో తెలియక ఆ పాప దిగులుపడుతోందట. అప్పటినుంచి తొట్టి దగ్గరికి వెళ్లినప్పుడు, మేత వేస్తున్నానని పైకి చెప్పడం మొదలుపెట్టారు. చూసేవారికి అక్కర్లేని మాటే అది, కానీ అది ఎవరికోసమో ఆయనకు తెలుసు. 1970లో ప్రసారమైన ఒక భాగంలో తొట్టిలో ఒక చేప చచ్చిపోతే, ఆ సంగతి దాచకుండా దాన్ని పాతిపెట్టి, చిన్నప్పుడు తన కుక్క చనిపోతే తాను ఏడ్చిన వైనం చెప్పారు. ఇటువంటి మాటలేవీ అప్పటికప్పుడు నోటికొచ్చినవి కావు. పిల్లల మనస్తత్వం చదివిన మార్గరెట్ మెక్‌ఫార్లండ్‌తో ఏళ్ల తరబడి కూర్చుని, రాసుకున్నదాన్ని చర్చించి సరిదిద్దుకునేవారు.

1969లో, ఆయన కార్యక్రమం ప్రసారమయ్యే ప్రజా టీవీకి (లాభాపేక్ష లేని టీవీకి) ఇచ్చే నిధులకు ప్రభుత్వం కోత పెట్టబోతే, మే 1న అమెరికా చట్టసభ అయిన సెనేట్ ఉపసంఘం ముందు ఆయన మాట్లాడారు. కోపం వస్తే ఏం చేయాలో పిల్లలకు చెప్పే తన పాటలోని మాటలనే చదివి వినిపించారు. కటువుగా ఉంటాడని పేరుపడ్డ ఆ ఉపసంఘం అధ్యక్షుడు, సెనేటర్ పాస్టోర్ అంతా విని, ఆ నిధుల 2 కోట్ల డాలర్లు మీరు సంపాదించినట్టేనన్నాడు. గొంతు పెంచకుండానే ఆ పని జరిగింది. చిత్రమేమంటే, పిల్లలతో మాట్లాడే తీరులోనే సెనేటర్‌తోనూ మాట్లాడారు.

కొత్త భాగాల ప్రసారం 2001 ఆగస్టు 31తో ముగిసింది. 2003 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. పాత భాగాలు దొరికితే, మొదట ఆ చేప చచ్చిపోయినదే చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య