బ్యాంకాక్ పాత నగరంలో ఒక్క రోజు: అపోహలు – వాస్తవాలు

తెలుగు కుటుంబాలను బృందాలుగా బ్యాంకాక్‌కు తీసుకువెళ్లి, దగ్గరుండి చూపించి తీసుకురావడం నా వృత్తి. బయలుదేరే ముందు వీసా, డబ్బు, భోజనం సంగతులు తేలిపోయాక దాదాపు ప్రతి ఒక్కరూ అడిగేది, ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూపిస్తారని. చావో ఫ్రాయా నది ఒడ్డున ఉన్న పాత నగరానికి కేటాయించే ఆ ఒక్క రోజు గురించి మనవారిలో నాటుకుపోయిన కొన్ని అభిప్రాయాలు మంచి ప్రయాణాన్ని కూడా అలసటగా మార్చేస్తున్నాయి కనుక, వాటిని సరిచేయడం అవసరమనిపించింది.

అపోహ: పొద్దున్నే బయలుదేరితే ఏడెనిమిది చోట్లు చూసేయవచ్చు.

వాస్తవం: మూడు చూడవచ్చు. రాజప్రాసాదం, శయన బుద్ధుడున్న వాట్ ఫో ఆలయం, నదికి ఆవలి ఒడ్డున వాట్ అరుణ్ ఆలయం. మ్యాప్‌లో ఇవి ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ రాజప్రాసాదం ఒక్కటే దాదాపు 54 ఎకరాల ఆవరణ, దాని చుట్టూ ఉన్న గోడ పొడవు 1,900 మీటర్లు. 2019లో ప్రారంభమైన సనామ్ చై మెట్రో స్టేషన్ దక్షిణాన వాట్ ఫో వైపు ఉంటే, సందర్శకులు లోపలికి వెళ్లే ద్వారం ఉత్తరాన ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు నీడ లేని కాలిబాట మీద నడిచేసరికే పెద్దవారి ఓపిక సగం తరిగిపోతుంది. పదిమందితో వెళ్లినప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచేవారి నడకను బట్టే రోజును లెక్కవేసుకోవాలి. ప్రాసాదం ఉదయం 8.30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3.30 తర్వాత టిక్కెట్లు ఇవ్వరు. తెరిచే వేళకే అక్కడ ఉన్నవారికీ, పదకొండు గంటలకు చేరినవారికీ కనిపించే ప్రాసాదం ఒకటి కాదు. ఆలస్యంగా వెళ్తే ముందు కనిపించేది జనమే, ఆ పైన తట్టుకోలేని ఉక్కపోత.

అపోహ: ద్వారం దగ్గర ఎవరైనా "ఈ రోజు ప్రాసాదం మూసేశారు" అంటే వెనక్కి తిరగవలసిందే.

వాస్తవం: ఆ మాట చెప్పేవారు మర్యాదగా, చక్కని దుస్తుల్లో, చేతిలో మ్యాప్‌తో ఉంటారు. ఈ రోజు బౌద్ధుల పండుగ అనో, లోపల పూజ జరుగుతోందనో చెప్పి, ఈలోగా వేరే గుళ్లు చూసి రమ్మని అతి తక్కువ ధరకు టుక్‌టుక్ (మూడు చక్రాల ఆటో) మాట్లాడి పెడతారు. ఆ బండి చివరికి రత్నాల దుకాణం ముందో, దర్జీ దుకాణం ముందో ఆగుతుంది. నిజంగా మూసి ఉంటే ఆ సంగతి టిక్కెట్ కిటికీ దగ్గరే తెలుస్తుంది కాబట్టి, అక్కడిదాకా నడిచి వెళ్లి స్వయంగా కనుక్కోండి. బృందంలో ముందు నడిచేవారికి ఈ విషయం ముందురోజు రాత్రే చెప్పి ఉంచడం మంచిది. ఎందుకంటే ఈ మాయమాటలు మొదట చేరేది వారి చెవినే.

దుస్తుల విషయంలో చర్చకు తావే లేదు. భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. ఇక ప్రాసాదం ఆవరణలోని ఆలయంలో ఉన్న పచ్చ బుద్ధుడి విగ్రహం మరకతంతో చేసినదన్నది కూడా అపోహే. 66 సెంటీమీటర్ల ఆ విగ్రహాన్ని జేడ్ జాతి పచ్చరాయిలో మలిచారు. వేసవికి, వానాకాలానికి, చలికాలానికి వేరువేరుగా ఉన్న బంగారు వస్త్రాలను స్వామికి మార్చేది సాధారణంగా రాజే. ఆ మందిరం లోపల ఫొటోలు తీయనివ్వరు.

అపోహ: ప్రాకారం గోడల మీద ఉన్నది మన రామాయణమే, మనకు తెలిసిన కథే కనుక ఆగి చూడవలసిన పని లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పచ్చ బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడల మీద 178 చిత్రాల్లో రామకియన్, అంటే థాయిల రామాయణం, కథ అంతా ఉంది. నాగలి చాలులో జనకుడికి సీత దొరికిన ఘట్టంతో ఉత్తర ద్వారం దగ్గర మొదలై, ప్రదక్షిణగా సాగుతుంది. 1782లో ఈ రాజధానిని నిర్మించిన, మొదటి రాముడని పిలిచే థాయి రాజు కాలంలోనే ఈ కథను కావ్యంగా కూర్చారు. వీరి కథలో సీత రావణుడి కూతురే. హనుమంతుడు బ్రహ్మచారి కాడు. అది విని మన పెద్దలు కొందరు నొచ్చుకుని ముందుకు సాగిపోతారు. వారిని నేను ఒక్క చిత్రం దగ్గర మాత్రం తప్పక నిలబెడతాను. అందులో తెల్లని హనుమంతుడు కొండంత పెరిగి నోరు తెరిచి ఉంటాడు, ఆ నోట్లో రాముడు నిద్రించే మండపం ఉంటుంది. మైయరాప్ అనే రాక్షసుడు రాముణ్ణి పాతాళానికి ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాడన్నమాట.

మైయరాప్ అంటే మన మైరావణుడే. వాల్మీకంలో లేని ఈ కథ మన హరికథల్లో, తోలుబొమ్మలాటల్లో పెరిగిన తరానికి కంఠతా వచ్చు. మనకు హనుమంతుడు తన వాలాన్నే కోటగా చుట్టి కాపలా కాశాడు, వీరికి నోట్లో దాచుకున్నాడు. మనకు పాతాళ ద్వారం దగ్గర హనుమంతుణ్ణి అడ్డగించిన మత్స్యవల్లభుడే వీరికి మచ్చాను, చేపతోక ఉన్న కోతిపిల్ల. ఇక్కడికి వచ్చేసరికి, అప్పటిదాకా ఎక్కడ కూర్చుందామా అని చూస్తున్న ఒక పెద్దావిడ మనవణ్ణి పక్కకు పిలిచి, వేలితో గోడను చూపిస్తూ కథ మొత్తం చెప్పడం చూశాను. ఆ అరగంట నేను ఒక్క మాటా మాట్లాడలేదు. ఇటువంటి చోట గడియారం చూస్తూ జనాన్ని తొందరపెట్టడం నా దృష్టిలో నేరమే.

అపోహ: కలిసి వచ్చాం కనుక రోజంతా అందరూ ఒక్కచోటే ఉండాలి.

వాస్తవం: మధ్యాహ్నానికి విడిపోవడమే బృందానికి మేలు. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణీ, ఆ పాదాల మీద ముత్యపుచిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలనూ అందరూ కలిసి చూసిన తర్వాత, మోకాళ్ల నొప్పులున్నవారిని ఆ ఆవరణలోనే ఉన్న సంప్రదాయ మర్దన పాఠశాలలో పాదాల మర్దనకు కూర్చోబెట్టవచ్చు. వయసులో ఉన్నవారు తా తియన్ రేవు నుంచి పడవలో నది దాటి వాట్ అరుణ్‌కు వెళ్లి, పింగాణీ ముక్కలు పొదిగిన గోపురాన్నీ, గుమ్మంలో కాపలా నిలిచిన ఆకుపచ్చ రావణుణ్ణీ చూసి రావచ్చు. అక్కడి మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. మళ్లీ కలిసే చోటూ వేళా ముందే ఖాయం చేసుకోండి. హోటల్ పేరు థాయి లిపిలో ఉన్న కార్డు ప్రతి ఒక్కరి జేబులోనూ ఉండాలి. తప్పిపోయినవారు టాక్సీ డ్రైవరుకు దాన్ని చూపిస్తే చాలు.

అపోహ: అందరికీ కలిపి టాక్సీలు మాట్లాడుకోవడమే సుఖం.

వాస్తవం: మనవారు ఎక్కువగా బస చేసే సుఖుంవిత్ ప్రాంతం నుంచి పాత నగరానికి రోడ్డు మీద పోతే ట్రాఫిక్‌లోనే పొద్దు గడిచిపోతుంది. స్కైట్రైన్‌లో సయామ్‌లో రైలు మారి సఫాన్ తాక్సిన్ చేరి, స్టేషన్ కిందనే ఉన్న సాథోన్ రేవులో నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కండి. ఎంత దూరానికైనా ఒకే చార్జీ. ప్రాసాదం దగ్గరి తా చాంగ్ రేవులో దిగవచ్చు.

అపోహ: కూరగాయల ఫ్రైడ్ రైస్ అడిగితే శాకాహారమే వస్తుంది.

వాస్తవం: మాంసం లేకపోయినా అందులో గుడ్డో, చేపల సాసో ఉండే అవకాశం చాలా ఎక్కువ. "జే" అని అడగండి, థాయిలో పూర్తి శాకాహారానికి అదే మాట. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. అయితే అక్కడ పాలూ పెరుగూ కూడా ఉండవు కనుక, పెరుగన్నం లేనిదే ముద్ద దిగనివారిని సనామ్ చై నుంచి ఒక్క స్టేషన్ దూరంలో ఉన్న సామ్ యోత్‌లో దింపి, గురుద్వారా ఉన్న పహురాత్ వీధికి తీసుకువెళ్లాలి. భారతీయ భోజనశాలలు అక్కడ ఉన్నాయి.