వాలిన ఆకును తూచి చూద్దాం

చంద్రగిరి

పిల్లలకు తాత ఆశీస్సులు.

సంక్రాంతికి అవ్వ అనపగింజలు నానబెట్టి, పొట్టు పితికి చేసిన పితికిపప్పు తింటూ, "వానలు సరిగా లేకపోయినా అనపచెట్లు ఎలా కాశాయి తాతా?" అని అడిగారు. "అది మొండి పంట" అనేసి ఊరుకున్నాను. అది జవాబు కాదని అప్పటినుంచీ మనసులో ఉంది.

మీ వయసులో నేను, మిట్టమధ్యాహ్నం ఆకులు వాల్చిన అనప మొక్కలు చచ్చిపోయాయనుకుని ఒక సాలంతా పీకేశాను. మా నాయన తిట్టలేదు. "సాయంత్రం దాకా చూడాల్సింది" అన్నాడు, అంతే. నీరు తక్కువైతే చిక్కుడు జాతి మొక్కలు ఎండ తక్కువ తగిలేలా ఆకులను పక్కకు తిప్పుకుంటాయి. అది చావు కాదు, జాగ్రత్త. అందుకే ఏ అనప రకం నీటి ఎద్దడికి తట్టుకుంటుందో పరీక్షించే శాస్త్రవేత్తలు కంటితో చూసి తేల్చకుండా ఆకును తూస్తారు.

ఆకు తెంపగానే ఒకసారి తూస్తారు. కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, పైతడి అద్ది, మళ్లీ తూస్తారు. ఆఖరున ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి ఇంకోసారి. తెంపినప్పుడు 500 మిల్లీగ్రాములు, నానాక 600, ఎండాక 100 ఉందనుకోండి. ఆకు పట్టగల నీరు 500, అందులో ఉన్నది 400. అంటే 80 శాతం. ఒకేరోజు నీళ్లు ఆపిన రెండు రకాల్లో ఏది ముందు పడిపోతుందో ఈ లెక్క చెబుతుంది.

అయితే ఆకులో నీరు నిలిచినంత మాత్రాన అది మంచి రకం అనుకోకండి. ఆకుకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. అవి మూసుకుంటే నీరు ఆదా అవుతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, మొక్కకు తిండి తయారుకాదు. పైగా ఆకు వేడెక్కుతుంది. ఆ వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ముట్టుకోకుండానే కొలుస్తారు. వేరు లోతుకు దిగి అడుగు తేమ తాగే మొక్క ఆకు ఎండలోనూ కాస్త చల్లగా ఉంటుంది. పరీక్షలన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే, మట్టి తవ్వకుండా వేరు సంగతి తెలుస్తుంది కదా! ఇన్ని చేసినా చివరికి కాయ ఒలిచి గింజలు తూచాల్సిందే. చెట్టు బతికినా గింజ పట్టకపోతే అవ్వ దేన్ని పితుకుతుంది?

వేసవి సెలవులకు రండి. రెండు కుండీల్లో అనప వేసి ఉంచుతాను. నాటు అనప పగటిపొద్దు తగ్గితేనే పూస్తుంది కాబట్టి అప్పటికి కాయలుండవు, మన తూకానికి ఆకులు చాలు. మిల్లీగ్రాములు చూపే చిన్న త్రాసు నాన్ననడిగి తెండి. ఏ కుండీకి నీళ్లు ఆపాలో మీరే చెప్పాలి.

మీ తాత