కాలేజీ రేడియో మొదలుపెడుతున్న పిల్లలకు

పిల్లలూ,

వారానికి అరగంట రేడియో కార్యక్రమం మీకే అప్పగించారని, క్యాంపస్ వార్తలు, నాటకాలు, సంగీతం, బొమ్మలు అన్నీ అందులోనే రావాలన్నారని రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. చదువుకునే రోజుల్లో మూడేళ్లు నేనూ అదే పని చేశాను. నాకు పట్టుబడిన నాలుగు సంగతులు చెబుతాను.

ఈ దారిలో మీకు ముందు చాలామంది నడిచారు. 1936లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ అబ్రహం, డేవిడ్ బోర్స్ట్ అనే ఇద్దరు విద్యార్థులు హాస్టల్ భవనాల మధ్య తీగలు లాగి సొంతంగా రేడియో నడిపారు. అక్కడి కాలేజీల్లో తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి ఒకటుంది. తక్కువ శక్తి గల రేడియో సంకేతాన్ని భవనంలోని కరెంటు తీగల్లోకే పంపేవాళ్లు. ఆ తీగలకు దగ్గర్లో ఉన్న రేడియోలోనే స్టేషన్ పలికేది, కాస్త దూరం వెళ్తే వినపడేది కాదు. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల రేడియో పుట్టింది 1967లో. భారతదేశంలో క్యాంపస్ నుంచి తొలి కమ్యూనిటీ రేడియో 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో మొదలైంది.

ఆ కరెంటు తీగల రేడియో అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. వినేవాళ్లు ఎవరో మాట్లాడేవాళ్లకు తెలుసు కాబట్టి. పై అంతస్తులో బట్టలు మడతపెట్టుకుంటున్న అమ్మాయి, జ్వరంతో క్లాసు మానేసి పడుకున్న అబ్బాయి. మీరూ అలా ఒక్కరిని మనసులో పెట్టుకుని రాయండి. ‘శ్రోతలందరికీ’ అని మొదలుపెట్టారంటే గొంతు సభలోకి వెళ్లిపోతుంది.

పేపరు చదివేవాళ్లకు అర్థం కాకపోతే పై వరుసకు వెళ్లి మళ్లీ చదువుకుంటారు. రేడియో వినేవాళ్లకు ఆ వీల్లేదు. పైగా మన వాక్యంలో క్రియ చివరికి గానీ రాదు, అందాకా విన్నదంతా మోసుకుంటూ రావాలి. ‘పాలకమండలి నిన్నటి సమావేశంలో గ్రంథాలయ పనివేళలను పొడిగిస్తూ తీసుకున్న నిర్ణయం సోమవారం నుంచి అమల్లోకి రానుంది’ అని చదివి చూడండి. ఇప్పుడు ఇది చదవండి: ‘సోమవారం నుంచి లైబ్రరీ రాత్రి పదింటి దాకా ఉంటుంది. పాలకమండలి నిన్న ఒప్పుకుంది.’ రాసిన ప్రతి ముక్కా పైకి చదవండి. ఊపిరి ఎక్కడ అందకపోతే అక్కడ వాక్యాన్ని తుంచేయండి.

ఇక వార్త నిజమో కాదో చూసుకోవడం. రెండో ఏడు ఒక సాయంత్రం, ప్రసారానికి అయిదు నిమిషాల ముందు ఎవరో చీటీ తెచ్చిచ్చారు: రేపటి పరీక్ష హాలు మారిందని. నేను చదివేశాను. మారలేదు. ముగ్గురు వేరే భవనానికి వెళ్లారు. అందులో ఒకమ్మాయి మూడు గంటల పరీక్ష రెండు గంటల్లో రాయాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం స్టూడియో గుమ్మంలో నిలబడి, అరవకుండా, ఒకటే అడిగింది: ‘మీరు ఎవర్ని అడిగారు?’ నేను ఎవరినీ అడగలేదు. ఆ సాయంత్రమే తప్పు మాదేనని కార్యక్రమం మొదట్లోనే చెప్పాం. అప్పటి నుంచి ప్రతి వార్త కాగితం పైన ‘ఎవరు చెప్పారు, ఎవరిని అడిగాం’ అని రాసుకునేవాళ్లం. ఆ గీత ఖాళీగా ఉంటే ఆ వార్త చదివేవాళ్లం కాదు. మీరూ అలాగే చేయండి, దయచేసి.

మీ అరగంటలో ఎక్కువ భాగం కళలకే ఇవ్వమంటాను. వార్తలు నోటీసు బోర్డులో కూడా దొరుకుతాయి. ఒక నాటకం ఎలా తయారవుతుందో అక్కడ దొరకదు. ప్రదర్శన రోజున వెళ్లి ‘అద్భుతంగా జరిగింది’ అని చెప్పకండి, నాలుగు రోజుల ముందే రిహార్సల్‌కు వెళ్లండి. మేం అలా వెళ్లినప్పుడు తెర పక్కన చీకట్లో ఒక కుర్రాడు గోడ వైపు తిరిగి ‘నేను రాను’ అన్న ఒక్క మాటే పదే పదే అనుకుంటున్నాడు. ఒకసారి ‘నేను’ మీద బరువు పెట్టి, ఒకసారి ‘రాను’ మీద, ఒకసారి రెంటి మధ్య చిన్న మౌనం వదిలి. రికార్డర్ ఆన్‌లోనే ఉంది. తర్వాత అతని అనుమతి తీసుకుని ఆ నలభై సెకన్లూ యథాతథంగా వేశాం. మా మాట ఒక్కటీ కలపలేదు. మూడేళ్లలో మేం వేసిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

బొమ్మల ప్రదర్శన అయితే పని ఇంకా కష్టం, ఇంకా బాగుంటుంది. బొమ్మల పేర్లు వరసగా చదివితే ఎవరికీ ఏమీ కనపడదు. ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడండి. దూరం నుంచి ఏం కనిపించింది, దగ్గరికి వెళ్తే ఏం మారింది, రంగు ఎక్కడ మందంగా పేరుకుంది చెప్పండి. గీసినవాళ్లను ‘మీకు స్ఫూర్తి ఎవరు?’ అని అడిగితే అందరూ ఇచ్చే జవాబే వస్తుంది. ‘ఇందులో ఏ భాగం చెరిపి మళ్లీ గీశారు?’ అని అడగండి. వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ‘ఊఁ, ఊఁ’ అనకండి, తల ఊపండి చాలు. తర్వాత ఎడిటింగ్‌లో ఆ ఊఁలు తీయలేక చస్తారు.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా గాలి దెబ్బ కొడుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోకుండా రికార్డు చేయకండి. బయటికి వెళ్లిన ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం విడిగా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో రెండు ముక్కలు అతికిన చోట అదే ఆదుకుంటుంది. సినిమా పాటలు వేయాలంటే హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. మీ క్యాంపస్‌లో పాడేవాళ్లను పిలవండి, వాళ్లూ సంతోషిస్తారు.

చివరగా, ప్రతి రికార్డింగుకూ తేదీ, మాట్లాడినవాళ్ల పేర్లు రాసి రెండు చోట్ల దాచండి. మా టేపుల మీద ఎవరో తర్వాతి ఏడాది వేరేవి రికార్డు చేసేశారు. ఆ ‘నేను రాను’ కూడా వాటితోనే పోయింది.

మొదటి కార్యక్రమం ఏ రోజు, ఎన్నింటికో రాయండి. వింటాను.

మీ పెద్దమ్మ