ప్రకటనలో కారు దారి, దస్తావేజులో నడక దారి: కొన్ని అపోహలు, వాస్తవాలు

అన్నదమ్ములు పంచుకున్న స్థలం, వెనక వాటాలో ఒక ఇల్లు, ముందు వాటా పక్కనుంచి దానికో సన్నటి సందు. కోస్తా పట్టణాల్లో దారి తగాదాలకు పుట్టిల్లు ఇదే. సివిల్ న్యాయవాదిగా నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "కారు ఇంటి దాకా వెళ్తుందని అమ్మకం ప్రకటనలోనే ఉంది."

వాస్తవం: కారు పట్టడం వేరు, వెళ్లే హక్కు ఉండడం వేరు. నిరుడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరికి వచ్చారు. ఇల్లు చూపించిన రోజు మధ్యవర్తి ఆయన్ను తన కారులోనే మెట్ల దాకా తీసుకువెళ్లాడట. రిజిస్ట్రేషన్ అయిన నెలకే ముందింటివారు సందు మొదట్లో సిమెంటు దిమ్మె కట్టారు. దస్తావేజు షెడ్యూలులో ఉన్నది "ముందు వాటాలోని 9 అడుగుల సందు గుండా నడక దారి హక్కు" అని. ఒక రకం దారి హక్కులో ఇంకో రకం కలిసి రాదని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం (పక్కవారి స్థలం మీద దారి వంటి హక్కుల చట్టం) 28వ సెక్షను చెబుతోంది. అదే సందు ఇద్దరి పేరా "ఉమ్మడి" అని రాసి ఉంటే కథ మారేది. అప్పుడు ఇద్దరూ యజమానులే, ఒకరు మూసేస్తే రెండోవారు తీయించగలరు.

మరి ప్రకటన సంగతి? తప్పుడు ప్రకటనకు నష్టపరిహారం ఇప్పించే రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం 12వ సెక్షను ప్రాజెక్టు కట్టే ప్రమోటర్ల కోసం. పాత ఇల్లు చేతులు మారితే అది వర్తించదు. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటుంది. కానీ "నడక" అన్న మాట దస్తావేజులోనే కనబడుతుంటే, చదవలేదా అని ఎదుటిపక్షం మొదటి ప్రశ్న వేస్తుంది. ప్రకటనను మాత్రం చూసిన రోజే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. తగాదా మొదలయ్యాక అది మాయమవుతుంది.

అపోహ: "ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాం, ఇక అది మా హక్కే."

వాస్తవం: ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షనులో 20 ఏళ్లన్నది నిజం, ప్రభుత్వ స్థలమైతే 30. అయితే ఆ తిరగడం బహిరంగంగా, గొడవ లేకుండా, ఎడతెగకుండా, ముఖ్యంగా హక్కుగా సాగి ఉండాలి. "మా సందులో నుంచే వెళ్లండి బాబాయ్" అన్నారంటే అది అనుమతి. అనుమతితో ఎన్నేళ్లు నడిచినా అది హక్కు కాదు. బోనులో మన సాక్షి పెద్దావిడ "వాళ్లు చాలా మంచివాళ్లండీ, అడిగితే ఎప్పుడూ కాదనలేదు" అన్నప్పుడు నా గుండె జారిన రోజులున్నాయి. ఆ "అడిగితే" చాలు, దావా మునగడానికి. ఇంకో సంగతి: దారి మూసేశాక రెండేళ్లు ఊరుకుంటే ఈ 20 ఏళ్ల వాదన చేజారుతుంది.

అపోహ: "వేరే దారి లేకపోతే కోర్టే ఇప్పిస్తుంది."

వాస్తవం: రెండు స్థలాలూ ఒకప్పుడు ఒకరివే అయి, అమ్మకంతోనో పంపకంతోనో విడిపోయి ఉంటేనే. అదీ అవసరం మేరకే. చుట్టుదారైనా దారే.

అపోహ: "ఈసీ శుభ్రంగా ఉంది, భయం లేదు."

వాస్తవం: ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)లో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. వాడుక వల్ల వచ్చిన దారి హక్కు అందులో ఉండదు. లింకు దస్తావేజుల్లో (ఆ ఆస్తి గతంలో చేతులు మారినప్పటి పాత పత్రాల్లో) హద్దులు చదవండి, టేపు పట్టుకుని సందు కొలవండి, ముందింటి తలుపు తట్టి అడగండి.

అపోహ: "దారి హక్కు ఉంటే బండి నిలుపుకోవచ్చు."

వాస్తవం: కుదరదు. దారి వెళ్లడానికి.

అపోహ: "పోలీసులకు చెబితే గోడ తీయిస్తారు."

వాస్తవం: ఇది సివిల్ తగాదా అని పంపేస్తారు. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (అడ్డు తీయాలని, మళ్లీ పెట్టవద్దని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) దావా వేసి, కోర్టు నియమించే అడ్వొకేట్ కమిషనర్‌తో సందు కొలిపించాలి. ఆవేశంలో మీరే గోడ పగలగొడితే ముద్దాయి మీరవుతారు.

మాస్టారి వ్యవహారం లోక్ అదాలత్‌లో తేలింది. ఆయన కొంత సొమ్ము ఇచ్చారు, ముందింటివారు కొత్త దస్తావేజు రిజిస్టరు చేశారు. "నడక" పక్కన "కార్లు, ఇతర వాహనాలు" అని దగ్గరుండి రాయించాను. దిమ్మెను ముందింటివారే పగలగొట్టించారు. కూలీ డబ్బులు మాత్రం మాస్టారు ఇచ్చుకున్నారు.