దిగులుకు హుషారు మాత్ర

పిల్లల ఏడీహెచ్‌డీకి (కుదురు, ఏకాగ్రత లేని సమస్యకి) వాడే మిథైల్‌ఫెనిడేట్‌ని డెబ్బై దాటిన మా నాన్నగారికి డిప్రెషన్‌కని రాశారు, డాక్టరుగారు పొరబడ్డారా అని ఒక పాఠకురాలి ప్రశ్న. పొరబడలేదు. 1950ల్లో మార్కెట్లోకి వచ్చినప్పుడే దీన్ని నీరసానికీ దిగులుకీ వాడేవారు.

అసలు తమాషా అంతా తూములో ఉంది. వంటింటి సింకు అనుకోండి. నాడీకణం కొళాయి, పడే నీళ్ళు డోపమైన్, అంటే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనం. ఆ నీళ్ళను తిరిగి కణంలోకే లాగేసుకునే తూము డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్. మిథైల్‌ఫెనిడేట్ ఆ తూముకు అడ్డంపడ్డ గుడ్డ. ఇలాంటిదే ఇంకో హుషారు మందు ఆంఫెటమిన్ ఇంకా గడుసుది. తూములోంచి లోపలికి దూరి, వెసికిల్స్ అనే చిన్న సంచుల్లో దాచిన డోపమైన్‌ని ఖాళీ చేయించి, తూమునే వెనక్కి నడిపిస్తుంది. గట్టి వానకి డ్రైనేజీ ఎదురుతన్ని బాత్‌రూంలోకి నీళ్ళొస్తాయే, అదీ సంగతి.

డిప్రెషన్‌కి మామూలుగా రాసే ఎస్సెస్సారై మందులు మూసేదీ తూమునే, కాకపోతే సెరటోనిన్ అనే ఇంకో కబురు రసాయనానిది. గంటల్లోనే మూస్తాయి. కానీ సింకు నిండుతోందని కణం మీద కాపలా ఉండే 5-హెచ్‌టీ1ఎ ఆటోరిసెప్టర్ పసిగట్టి కొళాయి కట్టేస్తుంది. అది మొద్దుబారడానికి వారాలు పడుతుందని ఎక్కువమంది చెప్పే వివరణ. మిథైల్‌ఫెనిడేట్ పనిచేస్తే ఒకట్రెండు రోజుల్లోనే తెలుస్తుంది. ఆయుష్షు వారాల్లో ఉన్న రోగులకు డాక్టర్లు దీన్ని రాసేది అందుకే.

ఇంతకీ డోపమైన్ పెరిగితే సంతోషం వస్తుందా? జాన్ సాలమోన్ అనే పరిశోధకుడి ఎలకల సంగతి వినండి. ఊరికే దొరికే చప్పిడి మేత ఒకపక్క, మీట నొక్కితేనే పడే రుచైన గుళికలు ఇంకోపక్క. మామూలు ఎలక మీట నొక్కుతుంది. డోపమైన్ తగ్గించిన ఎలక చప్పిడి మేతతో సరిపెట్టుకుంటుంది. ఆకలి ఉంది, తిండి మీద ఇష్టమూ ఉంది, శ్రమపడబుద్ధి కాదంతే. మంచం దిగి స్నానానికి పోలేని మనిషిని బద్ధకమని తిట్టేవాళ్ళకీ, దిష్టి తీసేవాళ్ళకీ ఈ ఎలకల్ని చూపించాలి.

కాబట్టి ఏడుపు ప్రధానమైన దిగులుకన్నా కదలలేని దిగులుకే ఇది నప్పుతుందని నా నమ్మకం. పరీక్షలేమో రెండు రకాలుగా చెబుతున్నాయి. యాంటీడిప్రెసెంట్‌కి ఆంఫెటమిన్ జాతి మందు లిస్‌డెక్స్‌ఆంఫెటమిన్ జోడించిన పెద్ద పరీక్షల్లో అది డమ్మీ మాత్రను మించలేదని 2014లో తేలింది. 2015లో వెలువడిన, 143 మంది వృద్ధులతో లాస్ ఏంజెలెస్‌లో చేసిన పరీక్షలో మాత్రం సిటాలోప్రాం అనే ఎస్సెస్సారై, మిథైల్‌ఫెనిడేట్ కలిపి తీసుకున్నవాళ్ళు ఏదో ఒకటే తీసుకున్నవాళ్ళకన్నా బాగా కోలుకున్నారు.

అమ్మా, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు కనుక దీన్ని మామూలుగా పొద్దున్నే ఇస్తారు. బీపీ, నాడి చూపిస్తూ ఉండండి. నాన్నగారికి గుండెజబ్బు ఉన్నా, ఎప్పుడైనా మేనియా (అదుపులేని అతి హుషారు) వచ్చి ఉన్నా డాక్టరుకు ముందే చెప్పండి. మత్తుమందుల్ని కట్టడిచేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు, చీటీ జాగ్రత్త.