మూడో రోజు జాడీ

చిక్కడపల్లి, హైదరాబాద్
మృగశిర కార్తె

చి. చిట్టికి, దాని వెనక నిలబడి ఇది చదివే తమ్ముడికి, తాతయ్య ఆశీస్సులు.

"ఇంటర్ పరీక్షలు ఎప్పుడో వేసవి మొదట్లో కదా తాతయ్యా, జూన్‌లోనే పునశ్చరణ ఏమిటి? అయిందే ఒక్క పాఠం!" అని ఫోనులో అడిగావు. జవాబు చెప్పేలోపు మీ నాయనమ్మ ఆవకాయ జాడీ దించమని పిలిచింది.

ఆవకాయ కలిపిన రోజుతో అయిపోదమ్మా. ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు పట్టించి, నువ్వుల నూనె పోసి, వాసెన కట్టి పక్కన పెడతారు. మూడో రోజు విప్పేసరికి ఊట దిగి, సరుకు కుంగి ఉంటుంది. అప్పుడు అడుగు నుంచి తిరగ కలపాలి. మీ నాయనమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటుంది. ఉప్పు చాలిందో లేదో తేలేది అప్పుడే. తొలిరోజు తెలియదు. ఆరు నెలలకు తెలిసినా చేసేదేమీ లేదు.

ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, ఎంత మరిచిపోతున్నాడో తన మీద తానే లెక్కకట్టి 1885లో పుస్తకం వేశాడు. మరుపులో పెద్దవాటా మొదటి రోజే జరిగిపోతుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని ఆ లెక్క. పాపం, అన్ని ముక్కలు మింగినా ఆయనకు ఆవకాయ రుచి దక్కలేదు.

కనుక ఇవాళ సంకీర్ణ సంఖ్యలు చెప్పారనుకో, రేపు రాత్రి పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయి. ఇరవై నిమిషాలు చాలు. రాయలేని చోటే ఉప్పు తగ్గిన చోటు. వారం తిరిగాక మరోసారి, నెల తిరిగాక మరోసారి. గీత గీసిన వాక్యాలనే మళ్లీ చదవడం జాడీని బయట నుంచి తుడవడం లాంటిది. ఫోను పక్కన పెట్టుకుని చదవడం తడి గరిటె ముంచడం. ("చాలించండి, జాడీని వదలండి" అంటోంది నాయనమ్మ.)

నా ఇంటర్ రోజుల్లో అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది అదే. ఆగస్టులో పొడవాటి బల్ల మొత్తం నాదే. ఫ్యాను కింద కూర్చుని వారపత్రికలు తిరగేశాను. ఫిబ్రవరిలో కెమిస్ట్రీ నోట్సు పట్టుకుని పరుగెత్తితే కూర్చోవడానికి చోటు లేదు. మెట్ల మీద కూర్చుని విప్పాను. దస్తూరీ నాది, విషయం మాత్రం ఎవరో పరాయివాడు రాసినట్టుంది. ఆ మెట్ల చల్లదనం ఇప్పటికీ గుర్తుంది, కెమిస్ట్రీ లేదు.

ఆదివారాలు మాత్రం ఖాళీగా ఉంచుకో. ఆషాఢం వస్తోంది. వీధిలో బోనాలు వెళుతుంటే కిటికీ మూసుకుని చదివే పిల్లలను నేను మెచ్చను. దసరా సెలవుల్లో అప్పటిదాకా రాసిన కాగితాలన్నీ ఒకసారి తిరగెయ్యి, సంక్రాంతికి మరోసారి. ఆ తర్వాత ప్రాక్టికల్స్ మీద పడతాయి, కొత్తగా మొదలుపెట్టే వ్యవధి ఉండదు.

ఈ ఉత్తరంతో చిన్న జాడీ ఒకటి పంపుతున్నాను. ఇవాళే కలిపింది. ఎల్లుండి వాసెన నువ్వే విప్పు. తమ్ముడి చేతికి పొడి గరిటె ఇవ్వు. ఊట ఎంత దిగిందో ఇద్దరూ వంగి చూసి, నాకు రాయండి.

తాతయ్య