నెమ్ము చేసిన తిత్తి

విశాఖపట్నం, వన్‌టౌన్

బుజ్జీ,

ఫోనులో మాట్లాడితే నీకు దగ్గు తెర వస్తోందని మీ అమ్మ చెప్పింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. అక్కను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఫిజియోథెరపీ అమ్మగారు నీకొక సీసా, గొట్టం ఇచ్చి రోజూ నీళ్ళలో బుడగలు ఊదమన్నారట. "మందు తాగుతున్నాను కదా, మళ్ళీ ఇదెందుకు? ఇది ఆటా, వైద్యమా?" అని అడిగావట. రెండూను, నాన్నా.

ఊపిరితిత్తి అన్న మాట ఒకసారి పైకి పలుకు. తిత్తి అంటే కొలిమిలో నిప్పుకు గాలి ఊదే తోలు సంచి. నీకు వచ్చిన జబ్బును డాక్టర్లు న్యుమోనియా అంటారు, నానమ్మ నెమ్ము అంటుంది. నెమ్ము అంటే తడి. తిత్తికి తడి చేరిందన్న మాట. మన పెద్దవాళ్ళు జబ్బునంతా ఆ పేర్లలోనే చెప్పేశారు.

నా చిన్నప్పుడు రేవుకు వెళ్ళే దారిలో ఒక కొలిమి ఉండేది. పడవలకు కావలసిన లంగర్లు, మేకులు అక్కడే చేసేవారు. బడి వదలగానే పలకా సంచీ గోడవారగా పడేసి, తిత్తి ఊదుతానని కమ్మరి తాతను బతిమాలేవాణ్ణి. పిడి చేతికి దొరికితే చాలు, దడదడా లాగేవాణ్ణి. రవ్వలు ఎగిరేవి, బూడిద కళ్ళలో పడేది, ఇనుము మాత్రం ఎర్రబడేది కాదు. తాత తన గరుకు అరచెయ్యి నా చేతి మీద వేసి, పిడిని మెల్లగా, చివరిదాకా దించేవాడు. అప్పుడు చూడాలి! నల్లటి బొగ్గు అంచున సన్నటి ఎర్రగీత పుట్టి, లోపలికి పాకి, బొగ్గంతా దానిమ్మగింజలా వెలిగేది.

ఒక తుఫానుకు ఆ తిత్తి తడిసిపోయింది. తోలు మడతలు అతుక్కుపోయాయి. నేను గట్టిగా లాగబోతే తాత ఆపాడు. "చిరుగుతుందిరా. లోపలికి గాలి పోనీ, మడతలు అవే విడతాయి" అన్నాడు.

నీ సీసా చేసేదీ అదే. గొట్టం కొన నీళ్ళలో మునిగి ఉంటుంది. నువ్వు ఊదే గాలి బయటికి రావాలంటే ఆ నీళ్ళను తోసుకుని రావాలి. నీళ్ళు కూడా నీ గాలిని కొంచెం వెనక్కి నెడతాయి. ఆ కాస్త ఒత్తిడికే లోపలి సన్న గొట్టాలు మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. గాలి కఫం వెనక్కి చేరి దాన్ని కదిలిస్తుంది. గుడగుడమనే ఆ అదురు కూడా సాయం చేస్తుంది. మందు క్రిములతో పోరాడుతుంది, ఊదడం కఫాన్ని కదిలిస్తుంది. అందుకని మందు మానకూడదు, చెప్పినన్ని రోజులూ తాగాలి.

గట్టిగా ఊదితే గొప్ప అనుకోకు. ముక్కుతో నింపుకో, ఒకటి రెండు అంకెలు ఆగు, ఆపైన బుడగలు ఒక వరసలో వచ్చేలా నిదానంగా ఊదు. వాళ్ళు చెప్పినన్నిసార్లు ఊదాక, నేను కళ్ళజోడు తుడుచుకునేటప్పుడు అద్దం మీద "హా" అంటాను చూడు, అలా నోరు తెరిచి అను. కఫం పైకి వస్తే దగ్గి ఉమ్మెయ్యి. గొట్టంతో నీళ్ళు పీల్చకు. సీసా కడిగి, ప్రతిసారీ కొత్త నీళ్ళు పొయ్యమని అమ్మతో చెప్పు. తల తిరిగితే ఆపెయ్యి. ఎగపోత వచ్చినా, డొక్కలు ఎగరేసినా ఆట కట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ ఏడు భోగి మంట మేడ మీది నుంచే చూడు. పొగ నీకు పడదు.

కొలిమిలో ఉన్నది ఒక్క తిత్తి. మనిషి ఊపిరితిత్తుల్లో గాలి గదులు 30 కోట్లకు పైనే! కుడివైపు మూడు భాగాలు, ఎడమవైపు రెండే, అక్కడ గుండెకు చోటివ్వాలి కదా. అన్ని కోట్ల బుల్లి తిత్తులను నిద్రలో కూడా ఎవరు ఊదుతున్నారో తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఒక పని చెయ్యి. కాగితం పడవ చేసి, వెల్లకిలా పడుకుని బొడ్డు మీద పెట్టుకో. ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసిన పడవలు అలకు లేచి దిగడం చూశావుగా, నీ పడవ కూడా అలాగే లేవాలి, పడిపోకూడదు. రాత్రి తమ్ముడు నిద్రపోయాక దీపం తగ్గించి, ఉయ్యాల పక్కన కూర్చుని వాడి పొట్ట చూడు. ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య